అమ్మానాన్నలకూ హోంవర్కు

ఇంటర్ చదివే అమ్మాయి. స్నేహితురాలు మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదని మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదు. రాత్రి గది తలుపు వేసుకుని ఏడుపు, తల్లి పలకరిస్తే అరుపులు. తెల్లారేసరికి అదే స్నేహితురాలితో నవ్వుకుంటూ కాలేజీకి. ‘అంతా నాటకం’ అని తేల్చేస్తాడు తండ్రి. మండే ఎండల్లోనూ పొడుగు చేతుల డ్రెస్సే ఎందుకు వేసుకుంటోందని మాత్రం ఎవరూ అడగరు.

ఒకపూట ఏడ్చిన పిల్లలందరికీ జబ్బు అంటగట్టక్కర్లేదు. కానీ అందరూ వదిలేస్తారేమోనన్న భయం, పట్టలేని కోపం, తనను తాను గాయపరుచుకోవడం ఏడాదికి పైగా వెంటాడితే వైద్యులు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ లక్షణాలేమోనని ఆలోచిస్తారు. పద్దెనిమిది నిండనివాళ్లకు ఆ పేరు పెట్టడానికి చాలామంది డాక్టర్లు జంకుతారు. పిల్ల మీద ముద్ర పడుతుందన్న ఆ జంకు న్యాయమైనదే. అందుకని వైద్యమూ వాయిదా వేస్తేనే చిక్కు. మెల్‌బోర్న్‌లో ఆండ్రూ చానెన్ బృందం ‘హైప్’ కార్యక్రమంలో పదిహేనేళ్ల వాళ్లకే చికిత్స మొదలుపెడుతోంది.

ఈ జబ్బుకంటూ ప్రత్యేకించి మందుబిళ్ల లేదు. ఉన్నది మాటల వైద్యమే. అందులో ఎక్కువ పేరున్నది డీబీటీ, అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. సియాటెల్‌లో మార్షా లైన్‌హన్ రూపొందించారు. పదిహేడేళ్ల వయసులో, 1961లో, తననే మానసిక వైద్యశాలలో చేర్చారని, రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నానని ఆమె 2011లో బయటపెట్టారు.

పెద్దల కోసం పుట్టిన ఈ పద్ధతిని ఎలెక్ మిల్లర్, జిల్ రేథస్ టీనేజర్లకు అనువుగా మార్చారు. వాళ్లు చేసిన అసలు పని నాకు తెగ నచ్చింది. తల్లిదండ్రులనూ తెచ్చి క్లాసులో కూర్చోబెట్టారు. పిల్లలు రోజూ ఒక కార్డు నింపాలి: ఇవాళ గాయపరుచుకోవాలన్న కోరిక ఎంత బలంగా వచ్చింది, దాన్ని దాటడానికి ఏం చేశాను అని. ఆవేశం ముంచెత్తినప్పుడు చన్నీళ్లతో ముఖం తడపడం లాంటి చిట్కాలు నేర్పుతారు. అవే పాఠాలు పెద్దలకూ, అదే హోంవర్కు కూడా.

పెద్దలకు కష్టమైన పాఠం ఒకటుంది. ‘అది జవాబివ్వకపోతే నీకు బాధేసింది కదూ’ అనాలి, అక్కడితో ఆగాలి. ‘దీనికే ఇంత గోలా’ అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేయాలి. పిల్ల బాధను ఒప్పుకున్నంత మాత్రాన అన్నం మానేయడాన్ని ఒప్పుకున్నట్టు కాదు. మన ఇళ్లలో ఈ రెంటినీ కలిపేసి పోట్లాడతాం.

ఇదేం మంత్రం కాదు. అమెరికాలో 173 మంది టీనేజర్లతో జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలల చికిత్స ముగిసేసరికి డీబీటీ పొందినవాళ్లలో ఆత్మహత్యాయత్నాలూ గాయపరుచుకోవడాలూ తక్కువగా ఉన్నాయి. ఏడాది నాటికి మరో చికిత్స పొందినవాళ్లకూ వీళ్లకూ తేడా తగ్గిపోయింది. ఆరు నెలలు క్లాసుకెళ్లి ఆపేస్తే సరిపోదేమో అనిపిస్తుంది నాకు.

విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, వందా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలంది. మంచిదే. అయితే కౌన్సెలర్ దగ్గర పిల్లను దింపి, బయట ఫోన్ చూసుకుంటూ కూర్చుని, ‘ఎన్ని సిట్టింగుల్లో నయమవుతుంది మేడమ్?’ అని అడిగే తండ్రిని ఏ కోర్టు లోపలికి పంపుతుంది? పరీక్ష ఫీజుకూ హాస్టల్‌కూ తీరిక దొరికినప్పుడు వారానికో గంట దొరకదనడం సాకు.

ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే సైకియాట్రిస్టు దగ్గరికి మీరూ వెళ్లండి. ఎక్కడికెళ్లాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు.