పాము కంట్లో బుడగ

గోలీసోడా కొట్టేటప్పుడు గమనించారా? గోలీ కిందికి దిగనంత వరకూ సీసాలో ఒక్క బుడగా కనిపించదు. కీచుమనగానే బుసబుసా పొంగుతుంది. ఒత్తిడితో నీళ్లలో కరిగించిపెట్టిన గ్యాసే, ఆ ఒత్తిడి తగ్గేసరికి బయటపడిందన్నమాట.

సముద్రంలో లోతుకు దిగిన మనిషి ఒంట్లోనూ జరిగేది ఇదే. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో అది ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలు. పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే కదా, అది రక్తంలో, కొవ్వులో, వెన్నుపాములో కరిగి కూర్చుంటుంది. నింపాదిగా పైకొస్తే ఊపిరితో వెళ్లిపోతుంది. గబగబా వచ్చారో, సోడానే! కీళ్లు పట్టేస్తాయి, తల తిరుగుతుంది, కొందరికి కాళ్లు చచ్చుబడతాయి. డాక్టర్లు డికంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, డైవర్లు 'బెండ్స్' అంటారు.

ఏడాదిలో చాలా నెలలు చిత్రావతిలో ఇసుకే చూసే గోరంట్లవాళ్లకు ఈ గొడవెందుకంటారా? సెలవులకు అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ చేసి, సాయంత్రానికే విమానం ఎక్కాలనుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఎక్కకూడదు. విమానం లోపల ఒత్తిడి నేలమీదకంటే తక్కువ. ఒక్కసారి దిగినా కనీసం 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు ఆగాల్సిందే.

ఈ బుడగను కంటితో చూసిన కథ పాతదే. 1670లో రాబర్ట్ బాయిల్ తన గాలిపంపు గాజుపాత్రలో ఒక విషసర్పాన్ని పెట్టి గాలి తోడేశాడు. దాని కంట్లోని నీటిలో బుడగ ఒకటి అటూ ఇటూ కదలడం చూసి రాసిపెట్టాడు. కన్ను పారదర్శకం కాబట్టి కనిపించింది. మిగతా ఒళ్లు అలా కాదే! కండలోకి వెళ్లిన వెలుతురు కొద్ది మిల్లీమీటర్లలోనే చెదిరిపోతుంది.

1960ల చివర్లో డాప్లర్ అల్ట్రాసౌండ్ వచ్చాక రక్తంలో పరుగెత్తే బుడగల చప్పుడు వినగలిగారు. అయితే బుడగలున్న అందరికీ జబ్బు రాదు. పైగా కణజాలంలో కదలకుండా కూర్చున్న బుడగ డాప్లర్‌కు చిక్కదు. అందుకే డెన్మార్క్‌లో ఓలే హిల్డెగార్డ్, మాడ్సెన్ మత్తులో ఉన్న ఎలుకల కొవ్వును మైక్రోస్కోపు కిందికి తెచ్చి, ఒక్కో బుడగనూ గంటల తరబడి కొలిచారు. 1989లో ప్రచురించారు. మామూలు గాలి పీలిస్తే బుడగ పెరుగుతూ పోయింది. హీలియం-ఆక్సిజన్ మిశ్రమంతో తగ్గింది. ఉత్త ఆక్సిజన్ ఇస్తే? ముందు కాస్త ఉబ్బి, తర్వాత కుంచించుకుపోయింది. చికిత్సలో ఏ గ్యాస్ ఇవ్వాలన్న వాదనకు ఇలాంటి కొలతలే ఆధారం. (ఎలుకల రుణం ఎప్పటికి తీరుతుందో!)

మన దగ్గర ఈ జబ్బు భయం బాగా తెలిసిన ఊరు విశాఖ. 1971లో అక్కడి సముద్రంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాల దగ్గరికి మన డైవర్లు దిగారు. అప్పటి నిస్తార్ నౌక పేరునే పెట్టుకుని, హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైన కొత్త ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు వరకూ డైవర్లను పంపగలదు. అంత లోతులో పనిచేసిన మనిషి ఒత్తిడి నింపిన ఛాంబర్లోనే తిని, అక్కడే పడుకుని, ఒత్తిడి దిగేదాకా వేచి ఉండాలి. సుమారు వంద అడుగులకు ఒక రోజు లెక్కన, పది రోజులు పైమాటే.