పత్తి కట్టెను చేనిలో కాల్చుట ఎందుకు?



మాఘమాసములో ఒక సాయంకాలము పని ముగించుకొని తిరిగి వచ్చుచుండగా దారికి ఇరువైపుల పత్తి చేలలో మంటలు కనిపించినవి. కట్టె పీకి, కుప్పలు వేసి, నిప్పు పెట్టినారు. అదే దారిలో ఆ ఊరి స్త్రీలు నలుగురు కట్టెల మోపులు నెత్తిన పెట్టుకొని ఇండ్లకు పోవుచుండిరి. చేనిలోని వంటచెరకును మనమే తగులబెట్టి, ఇంటి పొయ్యిలోకి మరొకచోటినుండి మోయించుట ఎంతవరకు సబబు?

“కట్టెను త్వరగా తీయవలెనని మీ శాఖవారే చెప్పుచున్నారు గదా!” అని మీరనవచ్చును. నిజమే. చేనిలో మిగిలిన ఎండు కాయలలో గులాబి రంగు పురుగు దాగియుండి మరుసటి పంటకు తయారగును. కనుక పత్తి తీత కాగానే గొర్రెలను, మేకలను మేపి, కట్టెను తీయవలసినదే. గట్టుమీద వానాకాలము వరకు కుప్పగా ఉంచుటయు తప్పే. కాని తీయుట వేరు, తగులబెట్టుట వేరు. ఎకరాకు సుమారు ఒక టన్ను ఎండు కట్టె వచ్చును. దానిని కాల్చినచో అందలి నత్రజని, గంధకము చాలవరకు పొగతో పోవును. మంట పెట్టిన చోట నేల పైపొరలోని సేంద్రియ పదార్థము కూడ మాడును.

మరి ఏమి చేయవలెను? యంత్రముతో మెత్తగా నలిపి నేలలో కలుపుట అన్నిటికంటె మేలు. ఆ వీలు లేనిచోట కట్టెతో గుళికలు చేయించవలెనని నా అభిప్రాయము. పురుగు మందు గుళికలని పొరబడవద్దు. ఇవి పొయ్యిలో వేయు గుళికలు. పెల్లెట్లని కూడ అందురు. ఎండు కట్టెను పొడి చేసి, చిన్న రంధ్రములు గల ఉక్కు అచ్చు గుండా గట్టిగా నొక్కుదురు. ఆ ఒత్తిడిలో పుట్టిన వేడికి కట్టెలోని లిగ్నిన్ అను పదార్థము మెత్తబడి జిగురువలె పనిచేయును. 6 నుండి 8 మిల్లీమీటర్ల లావున, పెన్సిలు ముక్కలవంటి గుళికలు వచ్చును. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థవారు పత్తి కట్టెతో వీటిని చేయు విధానమును రూపొందించియున్నారు.

ఆస్ట్రియా, స్వీడన్ వంటి చలి దేశములలో రంపపు పొట్టుతో చేసిన ఇట్టి గుళికలను కాల్చి ఇండ్లను వెచ్చజేసికొందురు. మనకు ఇల్లు వెచ్చజేయు పని లేదు. వంట జరిగి, స్నానమునకు నీళ్లు కాగి, ఎద్దులకు ఉలవలు ఉడికిన చాలును. అయితే మామూలు పొయ్యిలో ఇవి సరిగా మండవు. చిన్న ఫ్యానుతో గాలి వీచు ప్రత్యేకమైన పొయ్యి కావలెను. అందులో పొగ చాల తక్కువ.

పొయ్యి కొనుటకు ముందు ఒక అనుభవమును గుర్తుంచుకొనుడు. బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థ పరిజ్ఞానముతో తయారైన గుళికల పొయ్యి 2006 తరువాత మహారాష్ట్ర, కర్ణాటకలలో లక్షల ఇండ్లకు చేరినది.  కాని చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు వంటి ముడిసరుకుకు పరిశ్రమలు ఎక్కువ ధర ఇచ్చి కొనసాగినవి. గుళికల ధర పెరిగి ఇల్లాలికి అందకపోయినది. చాలమంది ఆ పొయ్యిలను వాడుట మానివేసిరి. బొగ్గుతో నడచు విద్యుత్ కేంద్రములు 5 శాతము గుళికలను బొగ్గులో కలిపి కాల్చవలెనని 2021లో కేంద్ర ప్రభుత్వము విధానము చేసినది. ఇట్టి గిరాకీవలన కట్టెకు ధర వచ్చుట మంచిదే. కాని ఊరి కట్టె అంతయు లారీలెక్కి పోయినచో మోపులు మోయు స్త్రీలకు ఒరిగినదేమి?

కనుక యంత్రము ఊరి చేతిలో ఉండవలెను. అది ఒక్క రైతు భరించగలది కాదు. సహకార సంఘమో, రైతు ఉత్పత్తిదారుల సంఘమో, మహిళా సంఘమో పూనుకొనవలెను. ముందు ఊరి ఇండ్లకు, తరువాత హోటళ్లకు, మిగిలినది పరిశ్రమలకు అమ్మవలెను. గుళికలు ఏడాది పొడుగున దొరకునని తేలిన తరువాతనే ఇంటికి పొయ్యి కొనుడు.

గుళిక మంచిదో కాదో తెలిసికొనుట సులభము. నీటిలో వేసినచో మంచి గుళిక మునుగును. తేలినచో గట్టిగా నొక్కలేదన్నమాట. తడి తగిలిన గుళిక విడిపోయి పొట్టగును గనుక బస్తాలను నేలమీద గాక బల్లపై ఉంచవలెను. బూడిదలో పొటాషు ఉండును. దానిని పారవేయక తిరిగి చేనికే చేర్చుడు. యూరియాతో మాత్రము కలుపవద్దు, నత్రజని ఆవిరైపోవును. చౌడు నేలలలో వేయవద్దు.

గ్రామాధికారులకు నా మనవి ఒక్కటే. కట్టె పీకిన తరువాత చెప్పిన మాట పనికిరాదు. చివరి తీతకు ముందే రైతులను, మహిళా సంఘమువారిని ఒకచోట కూర్చుండబెట్టి, ఈ ఏడు కట్టె ఎవరు నలుపుదురు, ఎవరు ఎత్తుదురు, ఎక్కడికి చేర్చుదురు అను సంగతి తేల్చుడు. అది తేలనిచోట అగ్గిపెట్టెయే తేల్చును.