గృహనిర్వహణము: బట్టలాఱబెట్టు యంత్రములు – వాని విద్యుద్వ్యయము

తొలకరి మొదలు ఆశ్వయుజము వఱకును మన ఓరుగల్లు గృహిణులకు వంటకంటెను ఎక్కువ చింత గొల్పు పని యొకటి కలదు. అది తడిబట్టల నాఱబెట్టుట. ముసురు పట్టిన దినములలో దండెముమీది బట్ట రెండు దినములైనను ఆఱదు. ఆఱినను ముక్కవాసన విడువదు. చంటిబిడ్డ గల యింట పొత్తిగుడ్డలకు కొఱత వచ్చును. బడికిపోవు పిల్లల దుస్తులు తెల్లవాఱుసరికి ఇంకను చెమ్మగానే యుండును. 2023 జూలైలో వరంగల్లు, హనుమకొండలలోని పెక్కు వాడలు నీటమునిగినప్పుడు ఈ యిబ్బంది యెంతటిదో సోదరీమణులలో ననేకులకు అనుభవమునకు వచ్చియుండును. దీనికితోడు, అంతస్తుల గృహములలో డాబా అందఱిదియు, దండెము ఎవరిదియు గాకున్నది. కావున బట్టలాఱబెట్టు యంత్రము, అనగా డ్రయ్యరు, కొనవలెనా యను ప్రశ్న పలు యిండ్లలో వినవచ్చుచున్నది. కొనుటకు ముందు తెలిసికొనదగిన సంగతులను ఈ మాసమున వివరింతుము.

ఈ యంత్రము చలిదేశములలో పుట్టినది. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రమున చలికాలమున ఆరుబయట బట్టలాఱవేయుట దుర్భరమై యుండగా, రాస్ మూర్ అను నతడు విద్యుత్తుతో పనిచేయు యంత్రమును కల్పించెను. అది 1938లో అంగళ్లకు వచ్చినది. చలికాలమెల్ల ఎండ చాలని దేశమున అది నిత్యావసరము. వేసవిలో నిప్పులు చెఱుగు మన యూర నది యేటికి మూడు నాలుగు మాసముల పనిముట్టు మాత్రమే. ఈ భేదమును మఱవక యంత్రము నెన్నుకొనవలెను.

ఏ రకపు యంత్రమైనను చేయునది బట్టలోని నీటిని ఆవిరిగా మార్చుటయే. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు ఇంచుమించు మూడింట రెండువంతుల యూనిట్టు విద్యుత్తునకు సమానమగు వేడి కావలెను. ఎండ దానిని ఉచితముగా నిచ్చును. యంత్రము వెల యడుగును. ఐదు కిలోల పొడిబట్టలను ఉతికి, నిమిషమునకు 800 చుట్లు తిరుగు స్పిన్‌లో పిండినచో వానిలో సుమారు మూడున్నర లీటర్ల నీరు నిలుచును. 1,400 చుట్లలో పిండినచో అది రెండున్నర లీటర్లకు తగ్గును. నీటిని త్రిప్పి తీయుట చౌక, కాచి తీయుట ప్రియము. కనుక ఆఱబెట్టు యంత్రముకంటె ముందు ఉతుకు యంత్రపు స్పిన్ వేగమును చూడవలెను.

ఇక రకములు. మొదటిది వెంటెడ్ రకము. ఇది గదిలోని గాలిని పీల్చి, వేడిచేసి, తిరుగుచున్న బట్టలగుండ పంపి, ఆవిరితోగూడిన గాలిని గొట్టముద్వారా వెలికి విడుచును. ధర తక్కువ. గొట్టమును కిటికీ వెలుపలికి పెట్టనిచో గది యెల్ల చెమ్మయగును. పైని చెప్పిన ఐదు కిలోల బట్టలకు సుమారు మూడు యూనిట్లు పట్టును.

రెండవది కండెన్సరు రకము. ఇది ఆవిరిని వెలికి పంపక లోపలనే చల్లార్చి నీరుగా మార్చి తొట్టిలో నింపును. గొట్టము పెట్టు వీలులేని యింటికి అనుకూలము. విద్యుద్వ్యయము మొదటిదానికి ఇంచుమించు సమానము; వేడి గదిలోనే మిగులును.

మూడవది హీట్ పంపు రకము. మన రెఫ్రిజిరేటరు లోపలి వేడిని వెలికి తోడునట్లే, ఇది బట్టలనుండి వచ్చిన తడిగాలిలోని వేడిని తీసికొని, మరల అదే గాలిని కాచుటకు వాడును. వేడి వ్యర్థము గాదు. కావున అదే పనికి ఒకటి మొదలు ఒకటిన్నర యూనిట్టు వఱకు చాలును. వేడిమి తక్కువగుటచే బట్టలు త్వరగా చివుకవు. కాని పని ముగియుటకు ఎక్కువసేపు పట్టును. ధరయు మిక్కిలి యెక్కువ. స్విట్జర్లాండు 2012లోను, ఐరోపా సమాఖ్య 2025 జూలైలోను ఈ రకమునకే సాధ్యమగు ప్రమాణములను క్రొత్త యంత్రములకు విధించినవి.

నాలుగవది ఉతుకుటయు ఆఱబెట్టుటయు ఒక్కటే చేయు యంత్రము. చోటు కలిసివచ్చును. అయితే ఎనిమిది కిలోలు ఉతుకునది ఐదు కిలోలనే ఆఱబెట్టుట సాధారణము. ఆవిరిని చల్లార్చుటకు కొళాయినీటిని వాడునవియు గలవు. నీటి యెద్దడి గల యింటివారు దీనిని విచారించి కొనవలెను.

ఇప్పుడు బిల్లు మాట. నెలకు పదునైదు విడతలు ఐదేసి కిలోల బట్టల నాఱబెట్టినచో మొదటి రెండు రకములకు 45 యూనిట్లు, హీట్ పంపునకు సుమారు 20 యూనిట్లు అగును. ఆ యింటి మామూలు వాడుక 170 యూనిట్లనుకొందము. 2022 ఏప్రిలు నుండి అమలునకు వచ్చిన ధరలనుబట్టి, నెలవాడుక నూఱు యూనిట్లు దాటి 200 మించనిచో మొదటి నూఱింటికి యూనిట్టు 3 రూపాయల 40 పైసలు, తరువాతి నూఱింటికి 4 రూపాయల 80 పైసలు. 200 దాటినచో లెక్క మొదటినుండియు మాఱును: మొదటి 200 యూనిట్లకును 5 రూపాయల 10 పైసలు, ఆపైని నూఱింటికి 7 రూపాయల 70 పైసలు. స్థిర రుసుములు మొదలగునవి విడిచి చూచినచో, 170 యూనిట్లకు 676 రూపాయలు. హీట్ పంపుతో 190 యూనిట్లకు 772 రూపాయలు. వెంటెడ్ యంత్రముతో 215 యూనిట్లకు 1,135 రూపాయల 50 పైసలు! పెరిగిన యూనిట్లు 45, పెరిగిన వ్యయము దాదాపు 460 రూపాయలు.

2024 మార్చి మొదలు గృహజ్యోతి పథకముక్రింద సున్న బిల్లు పొందుచున్న యిండ్లకు ఈ 200 యూనిట్ల గీటు మఱింత ముఖ్యము. అది దాటిన నెలను బిల్లు మొత్తమును చెల్లింపవలసివచ్చును. యంత్రము కొనునప్పుడు వెల బేరమాడువా రొకరు. బిల్లు వచ్చినప్పుడు మాటపడువారు వేఱొకరు. కావున ఇల్లాలే ఈ లెక్కను ముందుగా చేసి యింటివారికి చూపుట మేలు. వర్షాకాలపు పాత బిల్లులోని యూనిట్లను 200 నుండి తీసివేసి, మిగిలినదానిని మూడుచే భాగించినచో, వెంటెడ్ లేక కండెన్సరు యంత్రమును ఆ నెలలో ఎన్ని విడతలు వాడవచ్చునో తెలియును. 170 యూనిట్ల యింటికి పది విడతలు. ఒకటి రెండు తగ్గించి ఎనిమిదితో ఆపుట క్షేమము.

అట్లని యంత్రము కొనుట విలాసమని మేము నిందింపము. పసిబిడ్డగాని, మంచమునబడిన పెద్దలుగాని యున్న యింటను, ఉద్యోగమునకు పోయి చీకటిపడి తిరిగివచ్చు స్త్రీకిని అది గొప్ప యూఱట. సంవత్సరము పొడవునను ఎండతగులని యింటివారు హీట్ పంపునకు అధికధర పెట్టుట న్యాయము. వానలలో మాత్రమే వాడువారికి ఆ ధర తిరిగివచ్చుటకు పెక్కేండ్లు పట్టును. వీరు మొదట గట్టిగా పిండి, గదిలో త్రాళ్లు కట్టి, బట్టకు బట్ట తగులకుండ వేసి, కిటికీ కొంచెము తెఱచి పంకా విడువవలెను. 75 వాట్ల పంకా రాత్రి యెనిమిది గంటలు తిరిగినను 0.6 యూనిట్టే, 30 వాట్ల క్రొత్తరకపు పంకాకు 0.24 యూనిట్టే. మిగిలిన చెమ్మను మాత్రమే యంత్రమునకు ఒప్పగించినచో మూడు యూనిట్ల పని ఒకదానికి దిగివచ్చును.

వాడువారు మఱువరాని జాగ్రత్తలు కొన్ని. ప్రతి విడతకును నూగు జల్లెడను శుభ్రపఱుపవలెను. నూగు నిండిన యంత్రమునకు విద్యుత్తు ఎక్కువ పట్టుటయేగాక నిప్పు భయమును గలదు. తలంటు నూనె తువాళ్లను, కిరోసిన్ తగిలిన గుడ్డలను ఎన్నడును వేయరాదు. పట్టుచీరలు, జరీబట్టలు నీడనే ఆఱవలెను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్లు జంఖానాలు బరువైనవి. వానికి ఎండవచ్చిన నాటి పిట్టగోడయే తగినచోటు. యంత్రమును 16 ఆంపియర్ల సాకెట్టునకు, భూతీగె సరిగానున్నదానికి మాత్రమే తగిలింపవలెను.

ఎండ యున్నంతవఱకు దండెము, ముసురులో స్పిన్నును పంకాయు, అవియు చాలనినాడు యంత్రము – ఈ వరుస పాటించు నింట బట్టయు ఆఱును, బిల్లును అదుపులో నుండును.