ఓడ ఆగిన పూట

1933వ సంవత్సరం అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీ వారి 'జలదుర్గ' అనే ప్రయాణికుల ఓడ విశాఖపట్టణపు కొత్త రేవులో ప్రవేశించినది. లోపలి రేవుకు వచ్చిన మొదటి సముద్రనౌక అదే. ప్రయాణికుల ఓడతో ప్రారంభమైనా ఆ రేవు సరకుల రేవుగానే పేరుపడ్డది. మాంగనీసు, ఇనుపరాయి, బొగ్గు, ఎరువు ఎక్కి దిగే చోట మనుష్యులు ఓడ ఎక్కినారంటే అది రంగూనుకో, అండమానుకో. పొట్ట చేతపట్టుకొని ఓడ ఎక్కినవారే గాని, ఊరు చూడడానికి ఓడ దిగినవారు బహు తక్కువ.

ఆ వరుస ఇప్పుడిప్పుడే మారుతున్నది. 2022 జూన్‌లో చెన్నపట్టణం నుంచి 'ఎంప్రెస్' అనే విహారనౌక వచ్చి విశాఖలో ఆగినది. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన విహారనౌకల టెర్మినల్‌కు ప్రారంభోత్సవం జరిగినది. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే నౌక వచ్చినది. అందులోని గదులు అక్కడి ప్రయాణికుల సొంత ఇండ్లట! ఇంతకూ ఓడ ఉదయం వచ్చి సాయంకాలానికి లంగరు ఎత్తుతుంది. మధ్య మిగిలేవి నాలుగైదు గంటలు. ఆ కాస్త వ్యవధిలో ఒడ్డుకు దిగినవాడు సామాన్యంగా రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఇక్కడివారు పొద్దున్నే ఏమి తింటారు? ఇంటికి తీసుకొనిపోదగిన నగ ఏది? చిన్న ప్రశ్నలే. కాని వీనికి సరియైన సమాధానం చెప్పడానికి ఒక జిల్లా భూగోళమంతా తెలిసి ఉండవలె.

ఇటువంటి ప్రశ్నలు మన సాహిత్యానికి కొత్తవి కావు. 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీలోనూ నీటి వసతి ఎట్లున్నది, అంగళ్లు ఉన్నవా, ఏమేమి దొరుకుతున్నవి అని వ్రాసి పెట్టినాడు. తిరుగు ప్రయాణంలో ఆయన తీరం వెంట ఈ విశాఖ మీదుగానే వచ్చినాడు. గుడి గోపురాలతో సమానంగా ఉప్పు పప్పులను కూడా లెక్కలోనికి తీసుకొన్నందువల్లనే ఆ గ్రంథం నేటికీ చదివించుకొంటున్నది. నేటి టూరిజం కరపత్రాలు వ్రాసేవారు ఆయన పుటలు నాలుగు తిరగవేస్తే నష్టం లేదు.

అయితే ఓడ దిగినవానికి నేడు దొరికే సమాధానం ఏది? ఒక బస్సు, ఒక కొండ, ఒక జలాంతర్గామి ప్రదర్శనశాల, ఒక పెద్ద హోటలు, చివరకు అద్దాల నగల దుకాణం. ఆ హోటలులో పెట్టేది ఓడలో విడిచివచ్చిన ఫలాహారమే. ఆ దుకాణంలోని నగ హైదరాబాదులోనూ, చెన్నపట్టణంలోనూ, దుబాయిలోనూ అదే అచ్చులో దొరుకుతుంది. అతడు విశాఖకు వచ్చినట్లా, రానట్లా?

ముందు తిండి సంగతి. విశాఖలో తెల్లవారుతుండగానే వీధి మూలల్లో ఆవిరి లేస్తుంది. ఇడ్డెనలు, గారెలు, పూరీలు, పెసరట్టు, దానిలో ఉప్మా, దానిపై అల్లం పచ్చడి - ఇవి ఆంధ్రదేశంలో అంతటా ఉన్నవే. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది చోడి అంబలి. చోళ్లంటే రాగులే, తెలంగాణంలో అవే తైదలు. మూడు పేర్లు తెలియని విద్యార్థికి అవి మూడు ధాన్యాలని తోచవచ్చును. చల్ల కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని తాగే ఆ అంబలి కూలిజనం పొట్టను మధ్యాహ్నం దాకా నిలబెట్టిన ఆహారం. నిన్నమొన్నటి దాకా దానిని పేదవాని గంజి అని చిన్నచూపు చూసినవారే వైద్యులు చెప్పిన తరువాత బండి దగ్గర గ్లాసు పట్టుకొని నిలబడుతున్నారు. అట్లాగే నిఘంటువులలో నిద్రిస్తున్న వాసెనపోలి అనే మాట ఇటీవలి సంవత్సరాలలో విశాఖలో చిరుధాన్యాల ఇడ్డెనలకు పేరై మళ్లీ లేచి కూర్చున్నది. కుండ మూతికి కట్టే గుడ్డ వాసెన. దానిమీద ఆవిరికి ఉడికేది వాసెనపోలి. ఒక మాటను బ్రతికించడానికి పండితసభ చేయలేని పని ఒక పొయ్యి చేసినది.

ఆ ఇడ్డెన వడ్డించిన ఆకు వంక చూడండి. అది అడ్డాకు. మన్యంలో చెట్లకు అల్లుకొనే తీగ ఆకు. గిరిజన స్త్రీలు అడవిలో తిరిగి కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వంటివి చింతపండు, కుంకుడుకాయ, తేనెలతోపాటు దీనిని కూడా కొంటూ వచ్చినవి. చింతపల్లి వైపు నుంచి లంబసింగి మీదుగా మన్యపు సరకు మైదానానికి దిగే వాకిలి నర్సీపట్నం. పచ్చడిలోని చింతపండు ఆ కొండలదే కావచ్చును. పక్కన బెల్లం ముక్క ఉంటే అది అనకాపల్లిది. పైన కాఫీ తాగితే అదీ ఆ మన్యపు తోటలదే. అరకు పేరుతో 2017లో పారిసు నగరంలోనే దానికి దుకాణం వెలసినది, 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంకా తీపి కావాలంటే ఆ వైపుదే మాడుగుల హల్వా, గోధుమపాలు తీసి ఓపికగా వండేది. ఒక్క విస్తరిలో సముద్రం నుంచి కొండదాకా ఉన్న దేశం ఇమిడి ఉన్నది. ఆ విస్తరి స్థానంలో పూత పూసిన కాగితపు పళ్లెం వచ్చిన నాడు రుచి పోకపోవచ్చును గాని, అడవిలో ఒక ఇంటి ఆదాయం పోతుంది.

"వీధి తిండి పరదేశీయుల కడుపుకు పడుతుందా?" అని పెద్దమనుష్యులు సందేహిస్తారు. సందేహం న్యాయమైనదే. నీరు, గిన్నెలు శుభ్రంగా లేని చోటికి ఎవరినీ పిలువరాదు. మనవారిని అసలే పిలువరాదు. కాని కళ్ల ముందు ఆవిరిలో ఉడికి, పొగలు కక్కుతూ ఆకులో పడిన ఇడ్డెన కంటె, ఎప్పుడో వండి పళ్లాలలో ఆరబెట్టిన బఫే పదార్థం ఏ విధంగా క్షేమకరమో ఎవరూ చెప్పలేదు.

ఇక నగల మాట. బంగారం కొనదలచినవాని అవస్థ వేరు. 2021 జూన్ నుంచి దేశంలో దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి అయినది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక్కొక్క నగకు ఆరు అక్షరాంకెల ప్రత్యేక సంఖ్య కూడా ఉండవలె. 916 అంటే 22 కారెట్లు. ఇవి మంచి నియమాలు. లోహంలో మోసం జరుగకుండా కాపాడుతవి. అయితే తరుగు, మజూరీ అనే రెండు మాటల లోతు ఓడ కూత వినబడే లోపల తెలుసుకోవడం కష్టం. పైగా ఆ లోహం ఈ నేలలో పుట్టినది కాదు, అచ్చు ఈ ఊరి కంసాలిది కాదు. విశాఖలో కొన్నాడన్న మాటే గాని విశాఖది ఏమీ కొనలేదు.

మరి ఈ నేల నగ ఏది? హౌరా - చెన్నపట్టణం రైలుదారిలో నర్సీపట్నం రోడ్డు అనే స్టేషను ఉన్నది. ఆ పేరు నమ్మి దిగినవాడు నర్సీపట్నం చేరడానికి ఇంకా ఎన్నో మైళ్లు పోవలె! కాని ఆ స్టేషను దగ్గరలోనే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కర్రకు రంగులక్క కణికను అదిమితే, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టుకొంటుంది. దానిని మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. ఈ పనితనంతో బొమ్మలు, లక్కపిడతలు మాత్రమే కాదు. గాజులు, పూసల దండలు, చెవి బుట్టలు కూడా తయారవుతున్నవి. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటివాని నుంచి తీసిన రంగులు వానికి ప్రాణం. రసాయనపు రంగులు ముంచుకొనివచ్చిన కాలంలో ఈ పాత రంగులను పట్టుదలతో నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించినది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంపై ఢిల్లీ వీధులలో ఊరేగినవి ఈ బొమ్మలే.

గౌరవాలకు లోటు లేదు. లోటు కొనేవానిది, కర్రది. అంకుడు చెట్టు కొట్టినంత సులభంగా పెరగదు. తండ్రి తరిమెన దగ్గర కూర్చున్న కుర్రవాడు, పక్క ఫ్యాక్టరీలో నెలజీతం కనబడుతుండగా, గాజుకు బేరమాడే గిరాకీ కోసం ఎంతకాలం కనిపెట్టుకొని ఉంటాడు? ఓడ దిగినవారు బేరమాడి సగానికి కొన్న గాజు ఆ కుర్రవానిని ఊళ్లో నిలుపదు.

కరేబియన్ దీవులలోని సెయింట్ థామస్, కోజుమెల్ వంటి రేవులలో ఏమి జరిగినదో గమనింపదగినది. ఓడ దిగగానే వరుసగా నగల అంగళ్లు. ఓడలోనే ఫలానా దుకాణానికి పొండని సిఫారసు. ఆ సిఫారసు కోసం దుకాణాలు రుసుము చెల్లించే పద్ధతి. వజ్రాలు అక్కడ పుట్టవు, పనివారు అక్కడివారు కారు. రేవు పెరిగినది, ఊరు రేవుకు అంగడి వీధి అయినది. విశాఖ ఆ బాట పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. కట్టడం కట్టినవారు లోపలి అద్దెలకు గిరాకీ చూసుకోవడం సహజం. అందుకే మొదటి ఓడలు వస్తున్న ఈ దశలోనే మాట చెప్పవలసి ఉన్నది.

నర్సీపట్నం దాకా సుమారు 80 కిలోమీటర్లు ఓడ ప్రయాణికులను ఈడ్చుకొనిపోవడం తెలివైన పని కాదు. పోను రాను కాలమంతా బస్సులోనే గడుస్తుంది. ఏటికొప్పాకకు పట్టుబట్టి పోదలచిన కొద్దిమంది పోవచ్చును. మిగిలినవారి కోసం పనివాడే రేవుకు రావలె. సరకు మాత్రం దళారి చేతికిచ్చి పంపడం కాదు. తరిమెనతో సహా రావలె. లక్క కరిగి కర్రకు అంటుకొనడం ఒక్కసారి కళ్లారా చూసినవాడు గాజుకు బేరమాడడు. ఆ పక్కనే చోడి అంబలి, అడ్డాకులో ఇడ్డెన. గాజు మీద చేసినవాని పేరు, వెల. స్థలానికి అద్దె వద్దు. 96 కోట్ల కట్టడంలో పది గజాల చోటు రేవువారికి భారం కాదు.

ఈ వాదానికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేయరాదు. ఏడాదికి ఎన్ని ఓడలు వస్తవి? వేళ్లమీద లెక్కించదగినన్ని. వాని మీద ఆధారపడి ఏ కుటుంబమూ బ్రతుకజాలదు. నిజమే. అందుకే ఈ ప్రశ్న చివరకు ఓడవారిని విడిచి మనవారి మీదికి తిరుగుతుంది. అనకాపల్లి, నర్సీపట్నం బడులలోని పిల్లలు విహారయాత్రకు విశాఖ వెళ్తారు. ఓడ దిగినవారు చూసినదే చూసి, తిన్నదే తిని వస్తారు. ఏటికొప్పాక వారికి పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న. ఉపాధ్యాయులు ఒక ఏడాది ఆ బస్సును ఏలమంచిలి వైపు మళ్లించి, పిల్లలను తరిమెన ముందు ఒక గంట కూర్చోబెట్టవచ్చును. వార్షికోత్సవంలో బహుమతులుగా పంచే ప్లాస్టిక్ డబ్బాల సొమ్ముతోనే లక్క బొమ్మలు, లక్క గాజులు కొనవచ్చును. అంకుడు విత్తనాలు తెచ్చి బడి ఆవరణలో నాటించవచ్చును. ఒక్కొక్క బడి కొనేది స్వల్పమే. కాని బడులు ఓడల వలె ఋతువును బట్టి రావు, ఏటేటా జూన్‌లో తెరుచుకొంటవి.