మడమ త్రిప్పడం కూడా నేర్వాలి

క్రిందటి కార్తీక వనభోజనాలనాడు, విస్తళ్ళు ఎత్తివేసిన తరువాత, మన సంఘ సభ్యురాలొకరు వచ్చి మా ప్రక్కన కూర్చున్నారు. పులిహోర బాగా కుదిరిందని మొదలుపెట్టి చివరకు అసలు సంగతికి వచ్చారు. పూనాలో ఉద్యోగం చేస్తున్న ఆమె కుమారుడు డిసెంబరు నెలాఖరున నలుగురు స్నేహితులతో కలిసి హిమాలయాలలో మంచుకొండ ఎక్కబోతున్నాడట. "వాడికి మీ మాటంటే గురి. వెళ్ళవద్దని కాస్త గట్టిగా చెప్పండి, వదినగారూ" అన్నారు.

ఆ తల్లి భయం మాకు తెలియనిది కాదు. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనుకొన్న జాతి మనది. కాని వద్దంటే నేటి పిల్లలు మానరు, చెప్పకుండా వెళ్తారు. వెళ్ళినవాడు ఎక్కడ ఉన్నాడో ఇంట్లో తెలియకపోవడం మరింత ప్రమాదం. అందుచేత, "వద్దని చెప్పము గాని, కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడుగుతాము" అన్నాము. షోలాపూరు నుంచీ, పూనా నుంచీ, బెంగుళూరు నుంచీ మన పిల్లలు ఏటేటా ఈ దారిన పోతూనే ఉన్నారు గనుక ఆ ప్రశ్నలను పాఠకులందరి ముందూ పెడుతున్నాము.

అతడు వెళ్ళబోయే కొండ కేదారకంఠ. కేదారనాథం వేరు, ఇది వేరు. ఉత్తరాఖండంలో ఉత్తరకాశి జిల్లాలో ఉన్నది. డెహరాడూను నుంచి సుమారు 200 కిలోమీటర్లు కొండరోడ్డు మీద పోతే సాంక్రీ అనే పల్లె వస్తుంది. అక్కడి ఎత్తు సుమారు 6,400 అడుగులు. శిఖరం 12,500 అడుగులు. శిఖరానికి చీకటితోనే బయలుదేరుతారు. ఆ వేళ చలి సున్నకు పది డిగ్రీల దిగువకు కూడా పోతుంది. కొత్తవారు కూడా ఎక్కగల కొండ అని దీనికి పేరు. ఆ పేరు ఆకాశం నిర్మలంగా ఉన్ననాడు నిజమే. మబ్బు పట్టి గాలి లేచిన తరువాత తేలిక కొండ అంటూ ఏదీ ఉండదు.

ఆదివారంనాడు అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. మొదటి ప్రశ్న అడిగాము: ఒంటికి తగిలే బట్ట ఏది?

వాళ్ళమ్మ అప్పటికే అర డజను నూలు బనీనులూ, మన ఊరి చద్దరు ఒకటీ కొని ఉంచారు. ఇది నేతగాండ్ర ఊరు. మన తాతలెందరో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి మనలను పెంచినవారు. నూలును తప్పు పట్టడానికి మాకు నోరు రాదు. అయినా ఉన్నమాట చెప్పాలి. ఎండలో మనలను చల్లబరచే నూలు గుణమే మంచులో శత్రువవుతుంది. నూలుబట్ట చెమటను పీల్చుకొని ఆరకుండా ఉంటుంది. తడిబట్ట ఒంటి వేడిని లాగివేస్తుంది. జీన్సు ప్యాంటు మరీ పనికిరాదు. లోపల సన్నని ఉన్ని లేక పాలియెస్టరు బనీను, దానిమీద ఉన్ని స్వెట్టరు, పైన గాలీ తడీ చొరని కోటు, ఇలా మూడు పొరలు ఉండాలి. ఎక్కుతున్నప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి. నిలిచినప్పుడు చలి వేయకముందే తొడుక్కోవాలి. పొడి మేజోళ్ళూ, చేతితొడుగులూ ఇంకొక జత ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఉంచుకోవాలి. మంచుమీద పడిన ఎండ తిరిగి కంటిలోకే కొడుతుంది కాబట్టి నల్లద్దాలు సోకు కాదు, అవసరం.

రెండవ ప్రశ్న: ప్రక్కవాడికి చలి సోకినదని ఎలా పోల్చుకొంటావు?

"వణుకుతాడు కదా అత్తయ్యగారూ" అన్నాడు. వణకడం మొదటి మెట్టు మాత్రమే. ఒంటిలోపలి వేడి 35 డిగ్రీలకు దిగువకు పోతే మనిషికి అన్నీ తడబడతాయి. మాట ముద్దగా వస్తుంది, అడుగు తప్పుతుంది, చేతులు గుండీ పెట్టలేవు, ఊరికే విసుక్కుంటాడు. ఆ తరువాత వణుకు ఆగిపోతుంది. అప్పుడు తోటివారు "హమ్మయ్య, తగ్గింది" అనుకొంటారు. నిజానికి వేడి పుట్టించే శక్తి ఒంటికి ఉడిగిపోయినదని దాని అర్థం. అటువంటివాడు "నాకు ఉక్కగా ఉంది" అని బట్టలు విప్పుకోవడం కూడా కద్దు. తనకు చలి సోకినదని తాను తెలుసుకోలేడు గనుక, ప్రక్కవాడే కనిపెట్టాలి.

అప్పుడు చేయవలసినది ఇది. గాలి తగలని చోటుకు చేర్చి తడిబట్టలు విప్పి పొడివి తొడగాలి. క్రింద మందంగా ఏదైనా పరచాలి, ఎందుకంటే నేల కూడా వేడిని లాగుతుంది. తెలివి ఉండి మింగగలిగితే వేడిగా తియ్యని టీ త్రాగించాలి. మద్యం కూడదు, అది వెచ్చదనం కలిగినట్లు భ్రమ పెట్టి లోపలి వేడిని బయటికి పోనిస్తుంది. తెల్లబడి మొద్దుబారిన వేళ్ళను రుద్దరాదు, మంచుతో అసలే రుద్దరాదు, నిప్పుల మీద కాచరాదు. ఇంకొక మాట ఒట్టు పెట్టించి చెప్పాము: గుడారంలోగాని, తలుపులు మూసిన గదిలోగాని బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోరాదు. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మూడవ ప్రశ్న: ఎత్తు సంగతీ, మంచు సంగతీ ఏమి తెలుసుకొన్నావు?

ఎనిమిదివేల అడుగులు దాటితే ఎంతటి బలశాలికైనా తలనొప్పి, వాంతి రావచ్చు. తల నొస్తూ ఉంటే ఇంకా పైకి పోరాదు. అడుగు తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా రాత్రి అని చూడక క్రిందికి దింపాలి. పదివేల అడుగులు దాటిన తరువాత, నిన్న పడుకొన్న చోటికంటె నేటి పడక 1,600 అడుగులకు మించి ఎత్తున ఉండకుండుట మేలు. సెలవు ఒక రోజు ఎక్కువైనా నష్టం లేదు.

ఇక మంచుచరియలు. అవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో జారుతాయి. పెద్ద మంచు కురిసిన తరువాతి ఒకటి రెండు రోజులు మరీ అపాయం. మంచుక్రింద పడినవారిని పది పదిహేను నిమిషాలలో త్రవ్వి తీస్తే చాలామంది బ్రతుకుతారు. అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. అంతలో పట్నంనుంచి ఎవరు రాగలరు? తోటివారే రక్షకులు. అందుకే అటువంటి వాలుల మీదికి పోయేవారు జాడ తెలిపే యంత్రం, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార మనిషికొకటి తీసుకొని వెళ్తారు; వాడుక ముందుగా నేర్చుకొంటారు. అవి లేనివారు నలిగిన దారి విడిచి, ఫోటోకోసమైనా సరే, వాలులోకి పోరాదు.

"గైడు ఉన్నాడు కదా!" అన్నాడు అబ్బాయి. గైడు ఉండవలసినదే. కాని 2024 జూన్ మొదటివారంలో అదే ఉత్తరకాశి ప్రాంతంలో సహస్రతాల్ దారిలో 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకొన్నది. వారిలో ఎక్కువమంది మన పొరుగు కర్ణాటకంవారు. గైడులూ వెంట ఉన్నారు. 9 మంది తిరిగి రాలేదు. అది చలికాలం కాదు, వారు చిక్కినది తిరుగుదారిలోనే. మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కినవాడు. అంతటివాడిని 2015లో ఆండీస్ పర్వతాలు పొట్టనబెట్టుకొన్నాయి. ఎవరినీ తప్పు పట్టడానికి ఇది వ్రాయడం లేదు. అనుభవమూ, గైడూ ఉన్నంతమాత్రాన కొండ మాట వినదని చెప్పడానికే.

నాలుగవ ప్రశ్న: ఇంట్లో ఏ కాగితం ఇచ్చి వెళ్తున్నావు?

ఏ దారి, ఏ రాత్రి ఏ మజిలీ, వెంట ఎవరెవరు, గైడు ఫోను నంబరు, ఏ రోజు ఏ వేళకు క్రిందికి రావాలి, ఆ వేళ దాటితే ఇంకెంతసేపు ఆగి 112కు ఫోను చేయాలి, ఇదంతా ఒక కాగితం మీద వ్రాసి అమ్మ చేతికి ఇవ్వాలి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది గనుక దానిని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉంచుకోవాలి. ఫోను రాలేదని అమ్మ మొదటి గంటలోనే బెంగపెట్టుకోకూడదు; కాగితంలో వ్రాసిన గడువు దాటితే ఊరుకోనూ కూడదు.

అబ్బాయి అన్నీ వ్రాసుకొన్నాడు. అప్పుడు వాళ్ళమ్మగారివైపు తిరిగి అయిదవ ప్రశ్న వేశాము: "సగం దారిలో వెనక్కి వస్తే మీరేమంటారు?"

ఈ ప్రశ్న వెనుక మా తప్పు ఒకటి ఉన్నది. కొన్నేళ్ళ క్రిందట మా పెద్దవాడు ఇలాగే చలికాలంలో కొండకు వెళ్ళి, మంచు ఎక్కువై, శిఖరం ఇంకా అయిదువందల అడుగులున్నదనగా తిరిగివచ్చాడు. ఫోనులో మేమన్న మాట: "ఇంత ఖర్చుపెట్టి, సెలవు పెట్టి, పైదాకా పోకుండానే వచ్చావా?" వాడు ఏమీ అనలేదు. రెండేళ్ళ తరువాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి చేతితొడుగులు తడిసి వేళ్ళు మొద్దుబారినా ఆగలేదు; శిఖరం ఎక్కి ఫోటో పంపాడు. మేము దానిని చుట్టాలందరికీ చూపించి మురిసిపోయాము. ఎందుకు తిరిగిరాలేదురా అని తరువాత అడిగితే, "నువ్వు అన్న మాట గుర్తుకొచ్చిందమ్మా" అన్నాడు. ఇప్పటికీ వాడి ఎడమచేతి రెండు వేళ్ళ కొనలకు వేడీ చల్లనా సరిగా తెలియవు.

మడమ త్రిప్పనివాడే వీరుడని మన కథలన్నీ చెబుతాయి. యుద్ధానికి ఆ మాట చెల్లవచ్చు, మంచుకొండకు చెల్లదు. ఇన్ని గంటలకల్లా ఎక్కడ ఉన్నా సరే వెనుదిరగాలని బయలుదేరకముందే నిర్ణయించుకోవాలి. అయిదుగురిలో ఒక్కరు "ఇక చాలు" అన్నా, అందరూ కలిసి దిగాలి. కేదారనాథంలో చలికాలం రాగానే గుడి తలుపులు మూసి ఉత్సవమూర్తిని ఊఖీమఠానికి దింపుతారు. దేవుడికే లేని నామోషీ మన పిల్లలకెందుకు?

ఆ సోదరి కాసేపు మాట్లాడలేదు. తరువాత కుమారుని తల నిమిరి, "పైకి పోయినా పోకపోయినా నాకొకటే. నీ డబ్బు పోతే నేనిస్తాను" అన్నారు. మేము చెప్పిన నాలుగింటికంటె ఆ ఒక్క మాటే అతనికి ఎక్కువ అక్కరకు వస్తుందని మా నమ్మకం.

గుమ్మం దిగుతూ అబ్బాయి, "వెళ్ళొస్తాను అత్తయ్యగారూ" అన్నాడు. మన ఇళ్ళలో గడప దాటేవారెవరూ వట్టి "వెళ్తాను" అనరు. ఆ రెండవ మాటను మరువవద్దని, కొండలకు పోయే మన పిల్లలందరికీ మా మనవి.