ఏజెన్సీ కుర్రాడికి వయసెంత?

అరకులోయ: గంజాయి మూటతో ఘాట్ రోడ్డు చెక్‌పోస్టులో దొరికిన గిరిజన కుర్రాడిని మొదట అడిగేది పేరు, ఊరు. తర్వాత వయసు. చిక్కంతా అక్కడే వస్తోంది. చోళ్లు కోసే రోజుల్లో పుట్టాడని తల్లి చెబుతుంది. ఆ లెక్క కోర్టుకు పనికిరాదు. ఆధార్ కార్డు చూస్తే జనవరి 1. కొండల మీద జనవరి 1న పుట్టినవారు కొల్లలు!

ఆ కుర్రాడి బతుకంతా ఈ వయసు మీదనే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాడిని లాకప్పులో గాని, జైలులో గాని పెట్టరాదు. ప్రయాణకాలం పోను 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలి. నేరం రుజువైతే బోర్డు హోంలో ఉంచేది 3 ఏళ్లకు మించదు. అదే 18 నిండాయని రాస్తే, 20 కిలోలు దాటిన గంజాయికి కనీసం 10 ఏళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. లక్ష రూపాయలు ఆ ఇంట్లో ఎవరైనా కళ్లజూశారా?

16 నిండినవారికి మరో మెలిక ఉంది. ఇంత పెద్ద మూట ఘోర నేరం కిందికి వస్తుంది గనుక, బోర్డు పరిశీలించి, పెద్దవారిలా విచారించేందుకు బాలల కోర్టుకు పంపవచ్చు. మూట కట్టి ఇచ్చినవాడి వయసు మాత్రం ఎవరూ అడగరు. వాడు దొరికితే గదా!

విశాఖ ఏజెన్సీ మద్రాసు కింద ఉన్న తెల్లదొరల కాలంలో, 1887లో, చెంగల్పట్టులో బాలనేరస్థుల సంస్కరణ పాఠశాల పెట్టారు. 1897 చట్టం 15 ఏళ్లలోపు కుర్రాళ్లను జైలుకు బదులు అటువంటి పాఠశాలకు 3 నుంచి 7 ఏళ్లు పంపే వీలిచ్చింది. పిల్లల్ని ఇంటికి అన్నేళ్లు దూరం చేసిన చట్టాన్ని మెచ్చుకోనక్కరలేదు. అయినా పంపేముందు మేజిస్ట్రేటు వయసు విచారించి రాయాలన్న నియమం అందులోనూ ఉంది.

ఇప్పుడు వయసుకు మొదటి రుజువు బడి ఇచ్చే పుట్టినతేదీ పత్రం. అది లేకుంటే పంచాయతీ జనన పత్రం. ఏదీ లేకుంటే ఎముకల పరీక్ష. అది ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ చెబుతుంది. 17 ఏళ్లవాడికి ఆ తేడాయే ప్రాణం.

బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. అందుకోసం కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగగల తల్లులెందరు? శుక్రవారం అరకు సంతకు చుట్టుపక్కల ఊళ్లన్నీ దిగుతాయి. అధికారులు ఆ రోజు సంతలోనే బల్ల వేసి దరఖాస్తులు తీసుకోవాలి. బడి మానేసిన పిల్లల పుట్టినతేదీలు బడి రిజిస్టర్లలో ఉన్నాయి. వారు అడిగేదాకా ఆగకుండా హెడ్మాస్టర్లు రికార్డు షీట్లు రాసి ఇంటికి పంపవచ్చు.