హోటళ్ల సరఫరా వ్యాపారం పెరిగితే రైతుకు లాభమేనా? లెక్క ఇలా చూడండి

ఉప్పునుంతల నుంచి శ్రీశైలం రోడ్డు మీదుగా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. బోరు కింద పల్లి, పత్తితో పాటు కొన్ని గుంటల్లో కూరగాయలు పెట్టి నగరంలోని హోటళ్లకు పంపాలనే ఆలోచన మీకుంటే, ముందు ఆ వ్యాపారం ఎలా నడుస్తోందో తెలుసుకోండి.

జొమాటో కంపెనీకి (ఇప్పటి పేరు ఎటర్నల్) హైపర్‌ప్యూర్ అనే విభాగం ఉంది. కూరగాయలు, మాంసం, కిరాణా సరుకు కొని హోటళ్లకు చేరవేయడం దాని పని. 2022-23లో దాని రాబడి రూ.1,506 కోట్లు. 2023-24లో రూ.3,172 కోట్లు. 2024-25లో రూ.6,196 కోట్లు. అంటే ఏటా ఇంచుమించు రెట్టింపు. నష్టం తగ్గుతూ వచ్చినా, 2024-25లోనూ ఈ విభాగం లాభాల్లోకి రాలేదు.

ఆ తర్వాత లెక్క తిరగబడింది. 2025 జులై-సెప్టెంబరులో రాబడి అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే సుమారు 31 శాతం తగ్గింది. హోటళ్లు కొనడం మానేశాయా? లేదు, హోటళ్ల సరఫరా పెరిగింది. అప్పటిదాకా రాబడిలో పెద్ద భాగం, ఇంటికి సరుకు చేర్చే బ్లింకిట్‌లో అమ్ముకునే వ్యాపారుల నుంచి వచ్చేది. బ్లింకిట్ తానే సరుకు కొని అమ్మే పద్ధతికి మారడంతో ఆ భాగం పడిపోయింది. కాబట్టి శాతం ఒక్కటే చూసి పంట నిర్ణయం తీసుకోకండి.

మీ పొలం లెక్క కూడా ఇంతే

ఉదాహరణకు ఒక రైతు నిరుడు 20 క్వింటాళ్ల టమాట కిలో రూ.15 చొప్పున అమ్మాడనుకుందాం. రాబడి రూ.30,000, ఖర్చు రూ.18,000, మిగులు రూ.12,000. ఈ ఏడు 30 క్వింటాళ్లు పండింది, ధర రూ.13. రాబడి రూ.39,000, కూలీలు, కిరాయి, హమాలీ కలిపి ఖర్చు రూ.30,000. మిగులు రూ.9,000. అమ్మకం 30 శాతం పెరిగింది, లాభం 25 శాతం తగ్గింది!

హోటళ్లకు సరుకు ఇచ్చే ముందు అడగాల్సినవి

- ధర ఎన్ని రోజులకోసారి మారుతుంది? ముందే రాసి ఇస్తారా?
- సైజు, రంగు ఎలా ఉండాలి? వద్దన్న కాయను ఎవరు భరించాలి?
- డబ్బు ఎన్ని రోజుల్లో ఖాతాలో పడుతుంది?
- బండి కిరాయి ఎవరిది?

హోటల్‌కు రోజూ ఒకే తీరు సరుకు కావాలి. ఒక్క రైతు అది ఇవ్వలేడు. పది మంది కలిసి వారం వారం తేడాతో నాట్లు వేసుకుంటే కోత ఆగకుండా సాగుతుంది, కిరాయి కూడా పంచుకోవచ్చు. మొదటి పంటకు నాలుగైదు గుంటలతోనే మొదలుపెట్టండి. వద్దన్న కాయను అచ్చంపేటలోనో దగ్గరి సంతలోనో అమ్ముకునే దారి ముందే చూసుకోండి.

ప్రతి కోతకూ బరువు, ధర, ఖర్చు ఒక నోటుబుక్కులో రాయండి. వచ్చే ఏడు ఇదే నెలలో ఆ పేజీ తీసి పోల్చండి. పెరిగింది అమ్మకమా, మిగులా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.